చల్లని పెట్టె

నా చిన్నతనంలో ఒకరోజు పొద్దున, బడికి బయలుదేరేముందు, మా ఇంట్లో ఉన్న తాబేలు పిల్ల ముక్కు దగ్గర సబ్బు నురగలాంటి చిన్న బుడగ కనిపించింది. ఊపిరి వదిలినప్పుడు ఉబ్బేది, పీల్చినప్పుడు కుంగేది. దాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపలి నుంచి సన్నగా ఈల వినిపించింది. భయమంటే ఏమిటో నాకు ఆ ఈలతోనే మొదటిసారి తెలిసింది.

అప్పుడు అమ్మానాన్నలు, అవ్వ, చిన్నాయన, నేను అందరం కోవిల్‌పట్టిలో ఉండేవాళ్లం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా చిన్నాయన అగ్గిపెట్టెల కంపెనీలో, పుల్లలకు మందు అద్దే పనిలో ఉండేవాడు. అంతకు ముందు నెలలో, మంచి వాన పడిన మర్నాడు, కళుగుమలై దారిలో కంపచెట్ల మధ్య ఆ తాబేలు పిల్ల ఆయనకు దొరికింది. నా అరచేతిలో సరిపోయేంత ఉండేది. వీపు మీద పసుపు గీతలు, ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టు. వెనక అంచున ఎలక కొరికినట్టు చిన్న గంటు. ఇలాంటి వాటిని ఇంట్లో ఉంచుకోవడం చట్టానికి విరుద్ధమని అప్పట్లో మా వీధిలో ఎవరికీ తెలియదు.

తెలిసినది వేరే ఉంది. తాబేలు గుమ్మం దాటి లోపలికి వస్తే ఆ ఇల్లు నిలవదని మా వైపు గట్టి నమ్మకం. చిన్నాయన సంచిలోంచి దాన్ని తీయగానే మా అవ్వ చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఈ వయసులో ఇంటికి పెండ్లాన్ని తేవాల. నువ్వు తాబేల్ని తెచ్చినావు" అంది.

"ఇదైతే నీకు ఎదురు మాట్లాడదు గదమ్మా" అన్నాడు చిన్నాయన.

అవ్వకు నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. అది వెనకగదిలోనే ఉండాలి. ఇంట్లో ఎవరికి ఒక్క తలనొప్పి వచ్చినా అది బయటికి పోవాలి. నేను చిన్నాయన వెనక దాక్కుని ఇదంతా విన్నాను. ఆయన నా కోసమే అవ్వతో పోట్లాడాడని నాకు తెలుసు. ఆ సంతోషంలో ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు.

మర్నాడు చిన్నాయన తాబేలుకు ఇల్లు కట్టాడు. కంపెనీకి పుల్లలు వచ్చే చెక్కపెట్టె ఒకటి అడిగి తెచ్చాడు. అడుగున ఇసుక పోసి, దాన్ని బాగా తడిపి అరచేత్తో చదును చేశాడు. పెట్టెను కిటికీకి దూరంగా, ఎండ పొడ పడని మూలన పెట్టాడు. పైన గోనెపట్టా కప్పి, దాని మీద నీళ్లు చల్లాడు. పొద్దున లేవగానే ఒకసారి, బడికి పోయేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి ఆ గోనె తడపాలని నాకు నేర్పాడు. తిండికి నానబెట్టిన అన్నం, టమాటా ముక్కలు.

అది ఆయన పని నేర్పిన పద్ధతి. ఎండాకాలం వస్తే కంపెనీలో గుమ్మాలకు తడిగోనెలు కట్టేవాళ్లు, నేలంతా నీళ్లు చల్లేవాళ్లు. మందు అంటిన పుల్లలున్న చోట వేడి అంటే చావు. చిన్నాయన ఎడమ చేతి మీద మోచేయి దాకా కాలిన మచ్చ ఉండేది. అది ఎలా వచ్చిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు. అలాంటి మనిషి దేన్నైనా కాపాడాలనుకుంటే ముందు దానికి ఎండ తగలకుండా చూస్తాడు. ఆయన ఒక్కడే కాదు. మా నల్లరేగడి ఊళ్లలో అందరి ప్రేమా అంతే. గడపలోకి మనిషి రాగానే నీళ్ల చెంబు, చంటిబిడ్డ ఊయల మీద తడిగుడ్డ, జొరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ. మాకు చల్లదనం కంటే పెద్ద దయ తెలియదు.

బుడగ సంగతి చెప్పినప్పుడు చిన్నాయన పెట్టె దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఎండ దెబ్బ తగిలుంటుందన్నాడు. గోనె మీద మరో గోనె కప్పాడు. నేను బడినుంచి పరుగెత్తుకుంటూ వచ్చి చూసేదాన్ని. అది తల బయటికి పెట్టేది కాదు. అన్నం మెతుకులు అలాగే పులిసిపోయేవి. కొన్నాళ్లకు ఒక పొద్దున ఆయనే నన్ను లేపాడు.

"లెయ్యి పాపా, నీ తాబేలు తిరగతా ఉండాది."

నిజంగానే తిరుగుతోంది. ముక్కు పొడిగా ఉంది, ఈల లేదు. టమాటా ముక్క చూపిస్తే నోరు తెరిచింది. బళ్లో అందరికీ చెప్పాను, మా చిన్నాయన కట్టిన పెట్టెలో ఉంటే ఏ జబ్బైనా పోతుందని. పక్కింటి అక్క తన కుందేలు పిల్లను కూడా అందులో పెడతానని అడిగింది. గోనె తడపడం నేను ఒక్కపూట కూడా మరవలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. మళ్లీ ఈల మొదలైంది. మళ్లీ బుడగ. నేను ఏడ్చాను. చిన్నాయన తెల్లవారకముందే సైకిలు తీసుకుని ఎటో వెళ్లి, పనికి పోయే వేళకు వచ్చాడు. ఆ సాయంత్రానికి తాబేలు లేచి తిరిగింది. కానీ ఈసారి చిన్నదిగా కనిపించింది. వీపు మీది గీతలు సన్నబడ్డట్టు అనిపించింది. అదే ఆయన్ను అడిగాను.

"జొరం వస్తే మనిషే చిక్కిపోతాడు. తాబేలు చిక్కదా?" అన్నాడు.

నమ్మాను. ఆయన చెప్పాడు కాబట్టి నమ్మాను. అవ్వ మాత్రం ఆ మాట విని, ఆయన ముఖం వంక ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ చిన్నది కూడా కొన్నాళ్లకే ముక్కు చీదడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం చెత్త పారబోయడానికి వెళ్లాను. పెరటి గోడ వెనక బూడిద కుప్పను కుక్కలు తవ్విపెట్టాయి. బూడిదలో రెండు డిప్పలు బయటపడి ఉన్నాయి. ఒకదాని అంచున ఎలక కొరికినట్టు గంటు ఉంది. ఎన్నిసార్లు వేలితో తడిమానో, ఆ గంటును ఎలా మరవగలను? కోలుకుందన్న సంతోషంలో దాని కోసం మళ్లీ వెతకనే లేదు. రెండోదాని వీపు మీద గీతలు, జబ్బు పోయిందని నేను బళ్లో గొప్పలు చెప్పుకున్నప్పటి గీతలు.

రెంటినీ పావడాలో వేసుకొచ్చి, అన్నం తింటున్న చిన్నాయన ముందు నేల మీద పెట్టాను.  అవ్వ తన నమ్మకమే నిజమైందని దెప్పుతుందనుకున్నాను. ఆమె వంగి, ఆ డిప్పలకు అంటిన బూడిదను కొంగుతో తుడిచింది. చిన్నాయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"నువ్వు ఏడవకూడదని నిన్నే చూసినాను పాపా" అన్నాడు చివరికి. "దాన్ని చూళ్లేదు."

ఆ సాయంత్రం నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, మూడోదాన్ని ఆ కంపచెట్ల దగ్గరికే తీసుకెళ్లి వదిలాడు. పొడినేల, రాళ్లు, దిగుతున్న ఎండ. అది చాలాసేపు కదల్లేదు. తర్వాత తల బయటపెట్టి, ఎండ ఉన్న వైపు మెల్లగా నడిచింది. వెళ్లేటప్పుడు కూడా ఈల వేస్తూనే ఉంది. అది బతికిందో లేదో నాకు తెలియదు. 

పెద్దయ్యాక, కాలేజీలో చదువుతున్నప్పుడు తెలుసుకున్నాను, అవి ఎండనేల జీవులని, తడీ చలీ కలిస్తే వాటి ఊపిరితిత్తులు చెడతాయని. వాటిని చంపింది ఆ పెట్టె. మేం పూటపూటకూ తడిపిన గోనె. కానీ నన్ను ఇప్పటికీ కోసేది అది కాదు. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు, అది ఎవరికైనా జరుగుతుంది. మొదటిది చచ్చిపోయిందని ఆ రోజే నాకు చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని. ఏడ్చి ఏడ్చి, ఎందుకు చచ్చిపోయిందని అడిగేదాన్ని. అప్పుడు ఇద్దరం కలిసి పెట్టె వంక చూసేవాళ్లం. నా కళ్లు తుడవడానికి ఆయన ఇంకో ప్రాణాన్ని తెచ్చి అదే తడిలో పెట్టాడు. తర్వాత ఇంకొకటి. ఆయనంత మంచివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆ మంచితనమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మేము విరుదునగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పోయిన వారం పిల్లల్ని తీసుకుని కోవిల్‌పట్టిలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చాక మా బాబు టిఫిన్ సంచిలోంచి ఒక తాబేలు పిల్ల తల బయటపెట్టింది. రోడ్డు పక్కన దొరికిందట. అక్కాతమ్ముళ్లు దాన్ని బస్సులో అంతదూరం నాకు తెలియకుండా తెచ్చారు. వెంటనే అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను. వరుసగా సెలవులున్నాయి, అవి కాగానే వచ్చి తీసుకెళ్తాం, అందాకా పొడిగా, వెచ్చగా ఉంచమన్నారు. పిల్లలకు ఆ సంగతి చెప్పాను. మూతులు ముడుచుకున్నారు, కానీ ఒప్పుకున్నారు.

ఆ కొద్దిరోజులకే అయినా, దానికి ఇల్లు నేనే కట్టాను. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పొడిమట్టి, గులకరాళ్లు. దాక్కోవడానికి పగిలిన కుండ పెంకు. మునగకుండా తాగేందుకు లోతులేని పళ్లెంలో నీళ్లు. హాల్లో ఉదయం ఎండ పడే కిటికీ పక్కన పెట్టి, సగానికి నీడ ఉండేలా అట్ట అడ్డం పెట్టాను. ఎండ లేనప్పుడు ఒక చివర బల్బు. నా చెయ్యి దాని కింద పెట్టి, వెచ్చగా ఉందో కాలుతోందో చూసి మరీ ఎత్తు సరిచేశాను. తిండికి గడ్డి, మందార ఆకులు. అన్నం పెట్టనివ్వలేదు. అది ఎండలో కాళ్లు చాచుకుని పడుకుంటే, నా లోపల ఏదో పాత బాకీ తీరుతున్నట్టు అనిపించింది.

నిన్న సాయంత్రం మట్టి మార్చడానికి దాన్ని ఎత్తాను. ఈల. మళ్లీ అదే ఈల.

గచ్చు మీద తొట్టి ఈడ్చిన మట్టి చారలు పిల్లల గదిదాకా ఉండటం చూశాక తెలిసింది. నేను పడుకున్నాక పిల్లలు రోజూ తొట్టిని తమ గదిలోకి, ఏసీ కిందకి లాక్కుపోతున్నారు. నేను లేచేలోపు మళ్లీ కిటికీ పక్కన పెడుతున్నారు. దానికి ఉక్కపోస్తుందని వాళ్ల జాలి. మా చిన్నాయన రక్తం ఎక్కడికి పోతుంది?

పశువైద్యుడికి ఫోన్ చేస్తే పొద్దున తీసుకురమ్మన్నారు. ఊళ్లో లేని మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను. ఆయన నెమ్మదిగా, ప్రేమగానే చెప్పారు. పిల్లలు లేచేలోపు పట్టుకెళ్లిపొమ్మన్నారు. ఆఫీసువాళ్లు ముందే వచ్చి తీసుకెళ్లారని చెప్పమన్నారు. వాళ్లను ఏడిపించడం ఎందుకన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొంతు చెవిలో ఉండిపోయింది. ఎవరి గొంతో నాకు తెలుసు.

ఈ ఉదయం పిల్లలిద్దర్నీ లేపి తొట్టి దగ్గర కూర్చోబెట్టాను. ఒకరి తర్వాత ఒకరి చెవి దగ్గర తాబేలును పెట్టి ఆ ఈల వినిపించాను. దీనికి జబ్బు చేసిందని, మీ ఏసీ చలికే చేసిందని చెప్పాను. బాబు ముఖం వాడిపోయింది.

"చల్లగా ఉంటే బాగుంటుందని గదమ్మా పెట్టినాం" అంది అమ్మాయి.

"మీకు బాగుంటుంది" అన్నాను. "డాక్టరు దగ్గరికి ముగ్గురం పోదాం. ఇది బతుకుతుందో లేదో నాకు తెలియదు. పోతే పోయిందనే చెప్తాను. మీరు ఏడిస్తే పక్కనే కూర్చుంటాను. కానీ ఇంకోటి తెచ్చి ఇందులో పెట్టను."