పోయినాయన పేరుతో చీటీ

ఆ రోజుల్లో నాకంటే తెలివైనవాడు దాచేపల్లి నుంచి మాచర్ల దాకా లేడని నా గట్టి నమ్మకం. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ, సున్నపురాళ్ల మధ్య తిరుగుతూ, సున్నాను మరిచిపోయిన మూర్ఖుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఎనభైల చివర్లో అక్కడి ల్యాబులో ట్రైనీగా చేరాను. ల్యాబు పెద్దను అందరూ లెక్కల తాత అనేవారు. ఏ కుప్పలో రాయికి ఎంత మట్టి కలిపి బట్టీకి పంపాలో లెక్కగట్టే ప్రోగ్రాములన్నీ పాత కంప్యూటరు భాషలో ఆయనే రాశాడు. జన్మలో సెలవు పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. (మా అక్క పెళ్లికి అడిగితే, "పెళ్లి నీదా ఏంది?" అన్నాడు.) ఆ వేసవిలో కుర్చీలో కూర్చునే పోయాడు. నెల తిరక్కుండా కొత్త కంప్యూటరొచ్చింది. దాని భాష వేరు. "తాత లెక్కలు మళ్లీ రాయక్కర్లేదు సార్, వాటిని ముట్టుకోకుండా కొత్తదాంట్లోంచే పిలిచి పని చేయిస్తా" అని మేనేజరు దగ్గర కోతలు కోశాను. "శనివారానికి బట్టీకి లెక్క చీటీ రాకపోతే నువ్వు ఇంటికే" అన్నాడాయన.

శనివారం మిట్టమధ్యాహ్నం మూడో కుప్పకు లెక్క అడిగాను. ప్రింటరు కీచుమంటూ చీటీ కక్కింది. గర్వంగా తీసుకెళ్లి, ముప్పయ్యేళ్లుగా బట్టీ దగ్గరే ఉన్న బట్టీ మామ చేతికిచ్చాను. చీటీ అడుగున డ్యూటీ కెమిస్టు పేరు చదివితే గానీ మామ బట్టీలోకి రాయి వెయ్యనివ్వడు. చదివాడు. "యా అల్లా" అని చీటీ వదిలేశాడు.

"ఏంది అల్లుడూ ఇది? తాత పేరుంది గదరా!"

నిజమే. ఆ రోజు డ్యూటీ నాది; నా పేరుండాల్సిన చోట ఆయన పేరు. పరుగున వచ్చి మళ్లీ కొట్టాను. మళ్లీ ఆయనే. కంప్యూటరు ఆర్పి, వెలిగించి, మూడోసారి కొట్టాను. ఆయనే! ఏసీ గదిలో నా చొక్కా తడిసిపోయింది. గుడ్డ కప్పిన ఆయన కుర్చీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన పీల్చే నశ్యం వాసన వచ్చిందని ఇప్పటికీ ఒట్టేస్తాను. బయట రాయి పడే గరగర ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని ఆ చప్పుడు ఆగేసరికి, పక్కగదిలో ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టనిపించింది. గుమ్మం బయటే నిలబడి మామ అన్నాడు: "పోయినాయన పంపిన చీటీకి నేను రాయి ఎయ్యను. మేనేజరుకు నువ్వే చెప్పుకో."

తాత ప్రోగ్రాములో కెమిస్టుల పేర్ల పట్టీ తెరిచాను. మొదటి పేరు ఆయనది, రెండోది నాది. అప్పుడు వెలిగింది. ఆయన పాత భాష ఒకటి నుంచి లెక్కపెడుతుంది. నా కొత్త భాష సున్నా నుంచి. కొత్త లెక్కలో నా నంబరు ఒకటి. దాన్ని అలాగే పంపితే పాత ప్రోగ్రాముకు ఒకటంటే తాతే! (దయ్యం దొరికిందని నవ్వబోయి ఆగిపోయాను.) అంటే కుప్ప నంబరూ అలాగే వెళ్లింది; నేను మూడో కుప్ప అడిగితే అది రెండో కుప్పకు లెక్కగట్టింది. ఆ పేరు చూసి మామ ఆగకపోయుంటే, తప్పుడు పాళ్లతో బట్టీ నిండేది. నా ఉద్యోగం అందులోనే కాలేది.

పంపే నంబర్లన్నిటికీ ఒకటి కలిపాను. నా పేరొచ్చింది. మామ చీటీని రెండుసార్లు తిప్పి చూసి, "తాతే నిన్ను కాచాడ్రా" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. ఆ సాయంత్రమే చిన్న కక్ష తీర్చుకున్నాను. పట్టీలో తాత పేరు తియ్యకుండా, పక్కన 'సెలవులో ఉన్నారు' అని ఇంగ్లీషులో చేర్చాను. నాలాంటి మొనగాడు మళ్లీ ఎవడైనా ఒకటి తగ్గించి పిలిస్తే ఆయనొచ్చి చీటీ ఆపాల్సిందే, కానీ సెలవులోంచి! అక్క పెళ్లికి ఒక్క పూట ఇవ్వని మనిషికి నేనిచ్చిన ఆ సెలవు, నేను రిటైరయ్యేదాకా ఎవరూ రద్దు చెయ్యలేదు.