పిల్‌నే అక్క చెప్పిన తేదీ

పిల్‌నే అక్క మొగుడు దోక్‌చూల్, స్క్విడ్‌ల వేటకని సముద్రం మీదికి వెళ్లి పన్నెండేళ్లయింది. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. అలాంటివాళ్లకు మా రేవులో ఏదో ఒక తేదీని పోయిన రోజుగా ఖాయం చేసుకుని, ఏటా ఆ రోజు అన్నం పెడతాం. ఆ తేదీ పెళ్లాం నోటి నుంచి రావాలి. అక్క చెప్పేది కాదు. మరిది ఇన్‌బే ఏటా వచ్చి అడిగేవాడు.

"ఇంకా రాలేదు, అంతేగా," అనేసి, మొగుడి వాటా అన్నం గిన్నెకు మూతపెట్టి దుప్పటి కింద వెచ్చగా దాచేది. పక్కనే ఆల్చిప్పల నూడుల్స్ అమ్ముకునే నాకు ఆ మొండితనం చూస్తే ఒళ్లు మండేది.

పోయిన వసంతంలో సీరియల్‌వాళ్లు దిగారు. ఆ కథలోనూ సముద్రంలో తప్పిపోయిన మొగుడే, కాకపోతే ఆఖర్న తిరిగొస్తాడు. గట్టు మీద నిలబడ్డానికి ఊరి ఆడవాళ్లు కావాలంటే ఇద్దరం వెళ్లాం. హీరో పసుపు రెయిన్‌కోటుతో పడవ దిగాడు. అక్క ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయింది.

"అమ్మా, ఆ అడుగు భలే ఉంది. ప్రతిసారీ అలాగే వెయ్యండి," అన్నాడు డైరెక్టర్.

పదకొండుసార్లు తీశారు. పదకొండుసార్లూ వేసింది. అది నటన కాదని నాకొక్కదానికే తెలుసు. చాలించమని చెప్పొచ్చు, చెప్పలేదు. హీరోను అంత దగ్గర్నుంచి చూస్తున్న సంబరంలో ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు పోహాంగ్ పట్నం నుంచి బస్సులకు బస్సులు వస్తున్నాయి. ఫోన్లో ఆ దృశ్యం పెట్టుకుని, గట్టు మీద సరిగ్గా ఆ చోటే వెతుక్కుని, అదే అడుగు వేసి ఫోటోలు దిగుతారు. దిగి, ఆకలేసి నా కొట్టుకొస్తారు. మొన్న సియోల్ పిల్ల ఒకతె నా కొట్లో అక్కను గుర్తుపట్టింది.

"మామ్మా, మీ అడుగు చూసి ఎంత ఏడ్చానో. ఒక్కసారి వేసి చూపించరూ?"

"మోకాళ్ల నొప్పులమ్మా," అంది అక్క.

ఆ పిల్ల వెళ్లాక, అక్కడే కూర్చున్న ఇన్‌బే మెల్లగా అడిగాడు. "ఈ ఏడైనా చెప్పు వదినా. అన్న ఆకలితో ఉంటాడు."

"మూడో నెల, ఇరవై."

ఇన్‌బే చెంచా కింద పెట్టాడు. "అన్న వెళ్లింది చలికాలంలో కదా. అది సీరియల్ తీసిన రోజు."

"తెలుసు. ముందురోజు దాకా బతికే ఉన్నాడు. ఆ రోజు పదకొండుసార్లు పడవ దిగాడయ్యా. ఒక్కసారీ మీ అన్న కాదు."