జర గాలం తియ్యన్నా

మర్యాద అమ్ముకుని బతికేవాణ్ణి నేను. నాంపల్లిలో సర్కారు ఆఫీసులున్న రోడ్డు వెనక సందులో నాకో కొట్టుంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, వాటి మధ్య ఇరుక్కుని నేను. దరఖాస్తులు రాసిపెడతాను. జనం మండిపడుతూ వచ్చి గోడు చెప్పుకుంటారు. దాన్ని నేను "తమరికి వ్రాయు విన్నపం ఏమనగా" అని మొదలుపెట్టి "తమ విధేయుడు" అని ముగించి చేతికిస్తాను. ఎంత కోపమైనా నా కాగితం మీదకొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది. నా రాత చూడగానే ఎవరిదో చెప్పేస్తామని ఒక గుమస్తా అన్నప్పుడు ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మా ఇంట్లో మర్యాద ఇంకో పాలు ఎక్కువ. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారు ఉద్యోగంతో పాటు కోస్తా నుంచి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇప్పుడు ఉంటున్నదీ ఆబిడ్స్‌లోనే. అయినా ఇంట్లో మాట మాత్రం అక్కడిదే. అందరూ అందర్నీ మీరు అనుకునేవాళ్లం. మా నాయనమ్మ పాలవాణ్ణి కూడా మీరు అనేది, పాలల్లో నీళ్లు మరీ ఎక్కువైన రోజు తప్ప.

ఇంత మర్యాదస్తుణ్ణి చెరువు మీద ఏం చేశానో చెప్పడానికే ఇదంతా.

ఆదివారాలు నేను చేపలు పడతాను. తెల్లవారకముందే స్కూటరు తీసి, లక్డీకాపూల్ దాటి, ఊరు వెనకపడేదాకా పోతే ఒక పెద్ద చెరువు వస్తుంది. దాని పేరు చెప్పుకునే ముఖం నాకు లేదు. గాలం పట్టడం నాకు నేర్పింది మా వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయన. ఇప్పుడు లేరు. మొదటి రోజే గట్టు మీద కూర్చోబెట్టి చెప్పారు: "చెరువు వాళ్లది. మనం ఆదివారం చుట్టాలం. వల పరిచి ఉంటే దాని మీంచి పోకూడదు, చివరిదాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. వాళ్లు వల లాగేటప్పుడు కేకేస్తారు. గాలం పైకి తీసేసి ఓ పది నిమిషాలు ఊరుకోవాలి. మనం కూర్చున్న చోట వాళ్లూ నీళ్లు కొట్టరు." నీళ్లు కొట్టడమంటే చేపల్ని వల వైపు తోలడానికి కర్రతో నీటిని బాదడం. నిజంగానే మా దగ్గరికొచ్చేసరికి వాళ్లు కర్ర దించేసి, చప్పుడు లేకుండా తెప్పను తోసుకుంటూ పోయేవాళ్లు. ఎక్కడా రాసిపెట్టిన ఒప్పందం కాదు. ఎవరూ తప్పింది లేదు.

గట్టు మీద కూర్చున్నంత కాలం నేనూ తప్పలేదు. పడవ కొన్నాకే చెడ్డాను.

ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో కనిపించింది, గాలి ఊది నింపుకునే రబ్బరు పడవ. మడిస్తే స్కూటరు ముందు పట్టేస్తుంది. అది కొని నీళ్లలో దించిన రోజు నుంచి నా నడుం వంగడం మానేసింది. గట్టు మీద చుట్టాన్నే గానీ పడవలో నేనూ ఒక ఆసామినే అనిపించేది. చెరువులో మిగిలినవాళ్లవి థర్మకోల్ ముక్కల్ని గోనెపట్టాలో కుట్టి కట్టుకున్న తెప్పలు. నాది పసుపు రంగు పడవ. ఆ రంగు చూసుకుని మురిసిన మాట నిజం. పెద్దాయన ఉంటే ఒక్క చూపుతో గాలి తీసేసేవారు.

ఆ ఆదివారం పొద్దున్నే చెరువు మధ్యలో ఒకచోట తౌడు ఉండలు వేసి, మేతకి చేపలు చేరేదాకా ఓపిగ్గా కాపు కాశాను. ఎండ ఎక్కింది. నెత్తిన టోపీ, కళ్లకి నల్లద్దాలు, ముక్కు దాకా చుట్టుకున్న తువ్వాలు. గాలం దారానికి కట్టిన నా బెండు రెండుసార్లు మునిగి తేలింది. ఏదో పెద్దదే వాసన చూస్తోంది. సరిగ్గా అప్పుడు ఒక తెప్ప వచ్చింది. ముందు కూర్చుని భర్త వల లాగుతున్నాడు, వెనక భార్య చిన్న చెక్కతో నీళ్లు తోస్తోంది. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి.

"అన్నా, జర గాలం తియ్యి. వల గుంజుతున్నం, గీ దిక్కే వస్తది" అందామె.

బెండు మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాను: "తియ్యి ఏంటి? తీయండి అనడం తెలీదా?"

ఆమెకి కోపం రాలేదు. నవ్వింది కూడా. "గదేందన్నా, అన్న అంటి గద. అన్నను పట్టుకొని మీరని ఎట్లంటరు?"

అంత చక్కటి జవాబుకి నేను కూడా నవ్వి గాలం ఎత్తేస్తే సరిపోయేది. ఎత్తలేదు. ఆమె వైపు చూడను కూడా లేదు. వల దాని దారిన అది వచ్చింది. నా దారం అందులో పడింది. నేను లాగాను, కొక్కెం ఇంకా బిగుసుకుంది. అటునుంచి అతను లాగితే నా పడవ ఒక పక్కకి ఒరిగింది. భయమేసింది. భయాన్ని కోపం చేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. చాకు తీశాను.

నా దారం కోస్తే అక్కడితో అయిపోయేది. బారెడు దారం, ఒక కొక్కెం, అంతే. నేను వల కోశాను. ఒకసారి కాదు. కొక్కెం ఊడివచ్చేదాకా, నిలువునా, మనిషి దూరేంత కంత పడేదాకా కోశాను. లోపలున్న చేపలు ఆ కంతలోంచి బయటికి జారిపోవడం ముగ్గురం చూశాం.

"అన్నా, వల కోస్తవేందే! జర దారి ఇస్తే అయిపోవు గదనే" అన్నాడతను. అరవలేదు. నమ్మలేనట్టుగా అన్నాడు.

"మీ బతుకులకి నేను దారివ్వాలా? చేతనైతే నాంపల్లి పోయి దరఖాస్తు పెట్టుకోండి" అని అరిచాను. పెట్టుకోండి అన్నాను, గమనించారా. మర్యాదకి మాత్రం లోటు రానివ్వలేదు.

ఇంటికొచ్చి ఈ కథే ఇంకోలా చెప్పాను. ముక్కూముఖం తెలియనామె నన్ను 'తియ్యి' అందని, దానితో మాటా మాటా పెరిగిందని. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "మీ కొట్టుకి వచ్చేవాళ్లంతా రోజూ అలాగే కదండీ పిలుస్తారు?" అంది. నేను కాఫీలో పంచదార తక్కువైందని మాట మార్చాను. ఆవిడ అన్నది నిజం. మెదక్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చేవాళ్లు ఇరవై ఏళ్లుగా నన్ను "అన్నా, జర రాయి" అంటూనే ఉన్నారు. అందులో తక్కువ చేయడం లేదనీ, దగ్గరకు తీసుకోవడమే ఉందనీ నాకు బాగా తెలుసు. ఆ మాటకి నేను నొచ్చుకోలేదు. పడుతున్న చేపని వదులుకోవడం ఇష్టం లేక, నొచ్చుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నాను. వల కన్నా ముందు తెగింది అదే, నా నిజాయితీ.

మూడు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, కొట్టు ముందు ఇద్దరు నిలబడ్డారు.

"అన్నా, జర ఒక దరఖాస్తు రాసిస్తవా? ఆఫీసు గేటు కాడ అడిగితే నీ కొట్టే చూపిచ్చిన్రు" అందామె.

మొదటి మాటకే గుర్తుపట్టాను. నేను పొమ్మన్న చోటికే వచ్చారు, అంతే. ఆఫీసు గేటుకి దగ్గరగా ఉన్నది నా కొట్టే. వాళ్లు నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడతారు, ఆ రోజు నా ముఖం చూస్తేగా. ఇప్పుడు నేను బట్టతలతో, చత్వారం కళ్లద్దాలతో, మెడలో పెన్ను వేలాడేసుకున్న ఒక పెద్దమనిషిని. కరెంటు లేదని చెప్పి పంపేయొచ్చు అనుకున్నాను. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. కూర్చోమన్నాను.

భర్త చెప్పాడు, నేను టైపు చేశాను. పసుపు పడవ. నల్లద్దాలు. చాకు. ఒక్కటి కూడా ఎక్కువ చేసి చెప్పలేదు. చివర ఏం కోరుతున్నారని అడిగితే, "గట్టు మీద ఒక బోర్డు పెట్టమను. వల వచ్చినప్పుడు గాలం తియ్యాలె, వల సుట్టు తిరిగి పోవాలె అని. గంతే. తెల్వక చేస్తరు కొందరు" అన్నాడు. తెలిసే చేశానని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "గుర్తు తెలియని వ్యక్తి" అని టైపు కొట్టాను. "మమ్ములను దుర్భాషలాడినాడు" అని కూడా కొట్టి, ఆ వాక్యం చదివి చెప్పాను.

"దుర్భాష అంటే ఏంది?" అందామె.

"తిట్టాడని, అమ్మా."

"తిట్టలే. తిడితే మేం గూడ తిడుతుంటిమి, అయిపోతుండె. వాడన్న మాట రాయి. మీ బతుకులకు నేను దారియ్యాలా అన్నడు. గదే రాయి."

"దరఖాస్తులో అలాంటివి రాయకూడదు" అన్నాను. అబద్ధం. ఎన్నో రాశాను, ఇంతకన్నా పెద్దవి.

"రాయి అన్నా. వల అల్లుకున్నం, అది పోయింది. ఆ మాట పోతలేదు."

రాశాను. ఇన్నేళ్లలో నా వేళ్లు అంత నెమ్మదిగా ఎప్పుడూ కదల్లేదు. ఆ మాటని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాను. ప్రింటు తీసి చేతికిస్తే ఆమె దూరంగా పట్టుకుని చూసి, "అద్దాలు తేలే. నువ్వే సదువు" అని తిరిగిచ్చింది.

లోగొంతుకలో మొదలుపెట్టాను. బయట ఆటోలు, బస్సులు, ఎవరిదో ఆగని హారను.

"ఇనవడ్తలేదన్నా. జర గట్టిగ సదువు."

గొంతు పెంచాను. పెంచిన గొంతుతోనే ఆ వాక్యం దగ్గరికొచ్చాను. దాటేయడానికి వీల్లేదు, ఆమె దానికోసమే వింటోంది. "మీ బతుకులకి నేను దారివ్వాలా" అని చదివాను. అరవకపోతే వినపడదు. అరిస్తే అది నా గొంతే. రెండోసారి, వాళ్ల ముఖం మీదే, అవే మాటలు అన్నాను.

భర్త తలూపాడు, బాగుంది అన్నట్టు. ఆమె తల కదలలేదు. నా నోటి వంక చూస్తోంది. తర్వాత నా చేతుల వంక, మళ్లీ నా ముఖం వంక చూసింది. నేను కాగితంలోకి తలదించి మిగిలింది చదివేశాను. ఏ వాక్యం చదివానో నాకే తెలియదు.

"పేరు తెలిస్తే బాగుండు. పేరు లేకపోతే దరఖాస్తుకు బలం ఉండదేమో, ఏమన్నా?" అన్నాడు భర్త.

"పేరుంటే రాయొచ్చు" అన్నాను.

"నువ్వేమన్న గుర్తుపడ్తవా, మళ్ల కనపడితే?" అని అతను భార్యనడిగాడు.

ఆమె నన్నే చూస్తూ చెప్పింది. "లేదు. గుర్తుపట్ట. గట్లనే ఉండనియ్యుండ్రి, సార్."

అన్న పోయి సార్ వచ్చాడు. ఉండనియ్యి పోయి ఉండనియ్యుండ్రి వచ్చింది. చెరువు మీద నేను అడిగిన మర్యాద అణా పైసలతో సహా నా బల్ల మీద పెట్టింది. భర్తకి అందులో ఏమీ వినపడలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది. ఆ మనిషిని నేనే, అనాలి. మూడు మాటలు. ఆ కాగితంలో గుర్తు తెలియని వ్యక్తి అన్నది కొట్టేసి నా పేరు రాసి ఇవ్వాలి. ఊరందరి తప్పొప్పులకీ మాటలు కూర్చిపెట్టేవాణ్ణి, నా తప్పుకి మూడు మాటలు దొరకవా? నోరు తెరిచాను. ఆమె ఆగింది. నిజంగానే ఆగింది, నేనేం చెబుతానో వినడానికి, భర్త మెట్టు దిగుతున్నా తను దిగకుండా నిలబడింది.

"ఇంకో జిరాక్స్ కాపీ తీయమంటారా?" అన్నాను.

"అవసరం లేదు, సార్" అని ఆమె మెట్టు దిగింది.