చేపల ఊళ్లో అమ్మ మొక్కు

మా చిన్నప్పుడు ఒక వేసవిలో అమ్మ ఆరు రోజులు చేప ముట్టలేదు... అదీ పొద్దున లేస్తే చేపల మాట తప్ప ఇంకో మాట వినపడని ఊళ్లో.

అప్పుడు మేం శాన్ డియేగోలో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు, చెల్లికి ఆరు. నాన్న హెచ్‌వన్ వీసా స్టాంపింగ్ కోసం నలుగురం సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానా వెళ్లాం. ఇంటర్వ్యూలో పాస్‌పోర్ట్‌లు ఉంచుకుని, కబురు చేస్తాం ఆగమన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు. వీసా వస్తే ఇంటికి... రాకపోతే ఉద్యోగం, బడి, అపార్ట్‌మెంట్ అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి అటునుంచి అటే ఇండియాకి.

హోటల్ గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందని నాన్న మమ్మల్ని ఎన్సెనాడా దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్లారు.

ఏ రోజు ఏం చూశామో, ఏం తిన్నామో నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అందుకే ఇంకా గుర్తున్నాయి... సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలో అక్కడి ఇసుకని మోకాలి లోతు తవ్వితే వేడినీళ్లు ఊరేవి. చెల్లిని అందులో కూర్చోబెట్టి, "కుంకుడుకాయ రసం ఒక్కటే తక్కువే నీకు" అనేది అమ్మ. కొండ చివర రాళ్ల సందులోంచి సముద్రం తాటిచెట్టంత ఎత్తు లేచి అందరినీ తడిపేది. తోపుడుబండి మీద మామిడి ముక్కలకి ఉప్పు, కారం చల్లి నిమ్మకాయ పిండి ఇచ్చేవారు.

భోజనం మాత్రం రోజూ ఒక్కచోటే. చేపల రేవు పక్కన నాలుగు బల్లలున్న రేకుల షెడ్డు. వండేది డోన్యా కార్మెన్ అనే పెద్దావిడ, చేపలు పట్టి తెచ్చేది ఆవిడ భర్త. పడవ దిగిన చేపని నిలువునా చీల్చి, ఎర్రకారం పట్టించి, నిప్పుల మీద కాల్చి వేడి టోర్టియా రొట్టెలతో పెట్టేది.

మేం తినేవాళ్లం. కాకినాడలో పుట్టి పెరిగిన మా అమ్మ మాత్రం టోర్టియాకి సీసాలోని ఆవకాయ రాసుకుని నమిలేది. పాస్‌పోర్ట్‌లు చేతికొచ్చేదాకా చేప ముట్టనని ఇంటర్వ్యూ ముందురోజే అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుందట.

"మొక్కేదేదో వంకాయ మానేస్తానని మొక్కుకోవచ్చుగా!" అన్నారు నాన్న.

"నాకు వంకాయ పడదని ఆయనకి తెలీదేంటండీ? నవ్విపోడూ!"

ఇది తెలియని డోన్యా కార్మెన్ చిన్నబుచ్చుకుంది. ఒకరోజు వేపుడు, ఒకరోజు పులుసులాంటిది చేసి అమ్మ ముందు పెట్టడం... "వద్దు వదినా, నీకు దండం పెడతా" అని అమ్మ తెలుగులోనే వెనక్కి తోయడం. నాలుగో రోజు ఆవిడ నా దగ్గరకొచ్చి, "మీ అమ్మకి నా చేతి వంట నచ్చలేదా?" అని అడిగేసింది.

అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆడుకుంటూ పట్టుకున్న స్పానిష్ నాది. అమ్మ దేవుడికి మాట ఇచ్చిందని, కాగితాలు వచ్చేదాకా చేప తినదని తడుముకుంటూ చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని అమ్మ పక్కనే కూలబడింది. ఒకసారి భర్త పడవ రెండు రోజులు తిరిగి రాకపోతే తనూ మరియమ్మకి మొక్కుకుందట, కాఫీ మానేస్తానని. అప్పటినుంచీ చుక్క తాగలేదట.

నేను తెలుగులో చెప్పగానే అమ్మ అడిగింది, "ఆయన వచ్చేశాడుగా! ఇంకా ఎందుకు మానేయడం? అడగరా."

అడిగాను.

"రేపు మళ్లీ సముద్రం మీదికి వెళ్తాడుగా" అంది డోన్యా కార్మెన్.

ఆ తర్వాత ఆవిడ అమ్మకి చేప పెట్టలేదు. మిర్చి కాల్చి, ఉప్పు వేసి నూరి పెట్టేది.

ఆరో రోజు ఫోన్ వచ్చింది. పాస్‌పోర్ట్‌లు కొరియర్ ఆఫీస్‌కి వచ్చాయట. లోపల వీసా ఉందో లేదో ఫోన్‌లో చెప్పలేదు. హడావిడిగా సామాను సర్ది కారెక్కుతుంటే డోన్యా కార్మెన్ పరిగెత్తుకొచ్చి రేకు కాగితంలో చుట్టిన వేడి పొట్లం అమ్మ ఒళ్లో పెట్టింది. "వస్తే నువ్వు తిను. రాకపోతే పిల్లలకి పెట్టు."

టిహువానా దాకా కారంతా చేప వాసన. చెల్లి కూడా ముక్క పెట్టమని అడగలేదు.

నాన్న ఆఫీస్‌లోంచి వచ్చి బోనెట్ మీద నాలుగు పాస్‌పోర్ట్‌లూ పరిచి, ఒక్కొక్కటే తిప్పారు. తర్వాత అద్దంలోంచి అమ్మకి నాలుగు వేళ్లు చూపించారు.

అమ్మ కళ్లకద్దుకుని పొట్లం విప్పింది.

సరిహద్దు దగ్గర కార్ల క్యూ ఎంతకీ కదల్లేదు. "తొందరగా కానీ... గేటు దగ్గర చేపంటే ఏమంటారో ఏమో!" అని నాన్న.

"చేపని తొందరగా తినమంటారేంటండీ, ముల్లు గుచ్చుకోదూ!"

చెల్లికో ముక్క, నాకో ముక్క ముళ్లు తీసి పెట్టింది. తలకాయ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది చీకుతుండగానే మా వంతు వచ్చేసింది. ఆఫీసర్ స్టాంపులు చూసి, మా మొహాలు చూసి, పాస్‌పోర్ట్‌లు తిరిగి చాపాడు. నాన్న అందుకునేలోగా అమ్మే వంగి తీసేసుకుంది. కుడిచెయ్యి ఎంగిలి మరి... "ఎడమచెయ్యి బాబూ, ఏమీ అనుకోకు" అంది తెలుగులో.

అతను తల ఊపి, వెళ్లమన్నాడు.

ఇప్పుడు మా అందరివీ ఇక్కడి పాస్‌పోర్ట్‌లే. ఆ ఊరికి పొద్దున వెళ్తే రాత్రికి ఇంట్లో ఉంటాం. ఇసుకలో వేడినీళ్లు ఇంకా ఊరుతున్నాయి. రేకుల షెడ్డు చోట అద్దాల రెస్టారెంట్ వచ్చింది. డోన్యా కార్మెన్ సంగతి అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఈ రోజుల్లో ఏదైనా రావాల్సి ఉంటే ఫోన్‌లో స్టేటస్ చూసుకుంటూ కూర్చుంటున్నాం... ప్రాణమైనదొకటి వదులుకుని ఎదురుచూడటం అమ్మ తరంతోనే ఆగిపోయినట్టుంది.

మీ ఇంట్లో మీ స్టాంపింగ్ కోసం ఎవరు ఏం మానేశారు? కామెంట్లలో రాయండి... అందరివీ చదువుతాను.