ఫ్యామిలీ అన్న మాట

రాజమండ్రిలో నేను అసిస్టెంటు మేష్టరుగా చేరిన హైస్కూలుకు హెడ్మాస్టరు మన తెలుగాయనే. మద్రాసులో ఎం.ఏ. చదివొచ్చారు. ఆయన ముందు ఇంగ్లీషు తప్పు మాట్లాడినవాడు ఆ వారమంతా తలెత్తుకు తిరగలేకపోయేవాడు. డ్రాయింగు మేష్టరు ఒకసారి ‘రిటర్న్ బ్యాక్’ అన్నందుకు, ఆయన్ను గుమ్మం దాకా నడిపించి, వెనక్కి పిలిచి, మళ్ళీ నడిపించి, మళ్ళీ పిలిచి, "ఇప్పుడు మీరు రిటర్న్ బ్యాక్ అయ్యారండి" అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. ఆయన చతురుడే, కాదనను.

ఆ రోజుల్లో నా భార్య తొలికాన్పుకు గోదావరి అవతల ఆత్రేయపురంలో పుట్టింట ఉంది. ఒక మధ్యాహ్నం మా బావమరిది చెమటలు కక్కుకుంటూ బడికి వచ్చాడు.

"బిడ్డ అడ్డం తిరిగిందట బావగారూ. మంత్రసాని తన వల్ల కాదంటోంది. ఆస్పత్రికెళ్ళి అడిగాను. డాక్టరు గారు నన్నెరగరు కదా, మీరొస్తేనే కదులుతానన్నారు. పొద్దు వాలితే ధవళేశ్వరంలో పడవ కట్టేస్తారండి."

సెలవడగడానికి హెడ్మాస్టరు గదికి పరుగెత్తాను. "మై ఫ్యామిలీ ఈజ్ ఇన్ లేబర్, సర్" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఫ్యామిలీ అంతానా? మీ నాన్నగారు కూడానా అండీ?"

పక్క గదిలోని మేష్టర్లను పిలిపించి, వాళ్ళ ముందు నా చేత ఆ వాక్యం మళ్ళీ చెప్పించారు. మా ఇళ్ళలో పెద్దల ముందు ‘నా భార్య’ అనే అలవాటు లేదు. ‘మా ఇంట్లోవాళ్ళు’ అంటాం. దాన్నే ఇంగ్లీషు చేసుకుని నాలాంటి వాళ్ళు ఫ్యామిలీ అనేవారు. అది ఆయనకు తెలియనిదేం కాదు.

"వైఫ్ అనండి. సిగ్గెందుకు?"

అన్నాను. వినపడలేదన్నారు. గట్టిగా అన్నాను. ఆ తర్వాత ఫ్యామిలీకీ హౌస్‌హోల్డుకీ తేడా చెప్పడం మొదలెట్టారు. "అర్జెంటండీ" అన్నాను. "ఏది అర్జెంటు? వాక్యం పూర్తి చెయ్యండి" అన్నారు. ఉద్యోగం కొత్త. నిలబడ్డాను. చివరి గంట కొట్టాక సెలవిచ్చారు.

డాక్టరు గారిని తీసుకుని ధవళేశ్వరం చేరేసరికి రేవులో పడవ లేదు. మర్నాడు వెళ్ళాం. ఆడపిల్ల. అప్పటికే పూడ్చేశారు. తల్లిని మాత్రం డాక్టరు గారు బతికించారు.

జ్వరం తగ్గాక ఆమె అడిగింది. "తమ్ముడు మధ్యాహ్నమే వచ్చాడటగా. అంత ఆలస్యమైందేంటండి?"

"సెలవు దొరకలేదు."

"నాకిలా ఉందని చెప్పలేదా?"

"చెప్పాను."

"ఏమని చెప్పారు?"

నేనేమన్నానో, దానికి మేష్టర్లెందుకు నవ్వారో ఆ మంచం పక్కన కూర్చుని ఎలా చెప్పను? ఆమె అటు తిరిగి పడుకుంది.

ఆ ఏడే మండపేటలో లెక్కలు చెప్పే పనికి మారిపోయాను. వెళ్ళిన కొత్తలోనే అక్కడి మేష్టరొకాయన, రాజమండ్రిలో జరిగిందంటూ, ఈ కథ నాకే చెప్పాడు. బాగా చెప్పాడు. నాన్నగారి మాట దగ్గర తనే ఆగలేక నవ్వాడు.

"ఆవిడకేమైందండి?" అన్నాను.

"ఎవరికండి?"

"నొప్పులు పడుతున్నావిడకి."

"అదెవరూ చెప్పలేదండి."

"ఆవిడ బతికింది. పిల్ల పోయింది."

ఆయన నా మొహంలోకి చూసి, ఉత్తరీయం సర్దుకుని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా, నేను లేనప్పుడు ఆ కథ చెబుతూనే ఉన్నాడని విన్నాను.