రెండో గొంతు

ఒక మాట అనాల్సిన చోట నేను అనలేదు. అనకపోగా, అన్నానని చెప్పాను. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఇంతే. రాసి చూసుకుంటే ఇంత చిన్నదా అనిపిస్తోంది. మరి ఇంత బరువెందుకు?

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకి చెబుదామని బయల్దేరి, గుమ్మం దాకా వెళ్లి, మంచు గురించి మాట్లాడి తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో కూడా మంచు గురించే రాశాను.

మాది అమెరికాలో, అయోవా రాష్ట్రంలో చిన్న ఊరు. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మా వీధి చివర సుభద్ర ఆంటీ ఉండేది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, గట్టి గొంతు, మంచులో కూడా చీరే. ఊళ్లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్లం శనివారాలు చేరేది వాళ్లింట్లోనే. అందరూ కబుర్లలో ఉంటే నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఆంటీ మాత్రం పళ్లెం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, ఏం చదువుతున్నావే అని అడిగేది. చెబితే వినేది కూడా.

హైస్కూలు చివరి ఏడాది నేను చదువుతున్నది ఈ దేశపు పార్టీల చరిత్ర. ఆంటీకి చెప్పేదాన్ని. రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే లేదని, దాన్ని రాసినవాళ్లు ముఠాలంటే భయపడ్డారని. అయినా ఎవరిని నిలబెట్టాలో మాట్లాడుకోవడానికి కొందరు ఒక గదిలో చేరడంతో పార్టీలు పుట్టుకొచ్చాయని, చాలాకాలం ఆ గదుల తలుపులు పెద్దమనుషులకే తెరుచుకున్నాయని, నా చిన్నతనంలోనే నియమాలు మార్చి వాటిని అందరికీ తెరిచారని. ఎంత ఉత్సాహంగా చెప్పేదాన్నో. తలుపు తెరిచి ఉంటే చాలనుకునేదాన్ని.

మా రాష్ట్రంలో ఆ గది ఇంకా ఉంది. ప్రెసిడెంట్ ఎన్నికల ఏడాది ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పేటకొక చోట పార్టీవాళ్లు కూడుతారు. ఎవరికి ఏ అభ్యర్థి కావాలో ఆ మూలకి వెళ్లి నిలబడతారు. దాన్నే కాకస్ అంటారు. లెక్క పూర్తయ్యాక ఎవరైనా లేచి తీర్మానం పెట్టవచ్చు. అక్కడ నెగ్గితే అది కౌంటీకి, అంటే జిల్లాకి, అక్కణ్ణుంచి రాష్ట్రానికి వెళుతుంది. షరతు ఒకటే. పెట్టినవాళ్లు కాక ఇంకొకరు బలపరుస్తూ ‘సెకండ్’ అనాలి. ఆ రెండో గొంతు లేకపోతే అది చర్చకే రాదు.

ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక బిల్లు నడుస్తోంది. పౌరులు తమ అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని పిలిపించుకునే వీసా తీసేస్తారని భయం. ఆంటీ అంతకుముందు ఏడాదే పౌరసత్వం తీసుకుని తెనాలిలో ఉన్న చెల్లెలి కోసం పిటిషన్ వేసింది. ఒక్కగానొక్క చెల్లెలు. బిల్లు సంగతి విన్నాక ఆవిడకి నిద్ర పట్టడం లేదు. నేనే చెప్పాను, కాకస్‌లో తీర్మానం పెట్టండి ఆంటీ అని.

“టీ అయినా ఇస్తారా అక్కడ?”

“కాఫీ ఇస్తారట ఆంటీ.”

“అయితే వెళ్లొచ్చు. ఆ ‘సెకండ్’ అనేది ఎవరే మరి?”

“నేనంటాను.”

అదీ నా మాట. ఎన్నికలు జరిగే నవంబరుకి పద్దెనిమిది నిండుతాయి కనక నాకూ అక్కడ చోటుంది.

మా పేట కాకస్ స్కూలు జిమ్‌లో, పిల్లలు ఆటలాడే హాల్లో, జరిగింది. నడిపేది మిసెస్ లార్సన్, ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరు. ఆంటీకి మంచులో కారు నడపడం నేర్పింది ఆవిడే. ప్రతిగా ఆంటీ జంతికలు తీసుకెళ్లి ఇచ్చేది. ఆవిడ వాటిని కాఫీలో ముంచుకుని తింటుంటే ఆంటీ చూడలేక మొహం తిప్పుకునేది. మమ్మల్ని రమ్మని ఫోన్ చేసి మరీ పిలిచింది కూడా మిసెస్ లార్సనే.

అభ్యర్థుల లెక్క అయిపోయింది. సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కోట్లు తొడుక్కుంటున్నారు. అప్పుడు ఆంటీ లేచింది. పెద్ద కోటు, కింద నీలం చీర, దాని కింద మంచు బూట్లు. రాసుకున్న కాగితం పైకి చదివింది. స్కూల్లో పౌరశాస్త్రం క్లాసులో నా పక్క వరసలో కూర్చునే ఇద్దరమ్మాయిలు మా వెనక ఉన్నారు. ఇక్కడివాళ్లు ‘వీజా’ అనే మాట ఆంటీ నోట ‘వీసా’ అయింది. వెనక నుంచి చిన్న నవ్వు. అంతే. పెద్ద నవ్వు కూడా కాదు.

మిసెస్ లార్సన్ అడిగింది, సెకండ్ చేసేవాళ్లున్నారా అని.

ఆంటీ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకుంది. మిగతావాళ్లు కూడా, పక్కన నేనున్నాను కదా, నేనే అంటానని ఊరుకున్నారేమో. మిసెస్ లార్సన్ మళ్లీ అడిగింది. ఈసారి నన్నే చూస్తూ. ఆగింది. టీచర్లు జవాబు తెలిసిన పిల్లల కోసం ఎలా ఆగుతారో, అలా. నేను నా చేతి తొడుగులు చూసుకున్నాను.

తీర్మానం పడిపోయింది. ఆవిడ ఆ మాట చాలా మెల్లగా చెప్పింది.

నేను దాన్ని బిడియం అని చెప్పుకున్నాను. చాలా ఏళ్లు. నోరు పెగలని పిల్ల, పాపం. ఇవాళ మీకు నిజం చెబుతాను. నోరు పెగలకపోవడం కాదు. మాట నాలుక మీదే ఉంది. ఆ మాట అంటే ఆ అమ్మాయిలకి నేను ఆవిడ మనిషినని తెలుస్తుంది. ఆ చీరకీ, ఆ బూట్లకీ, ఆ ‘వీసా’కీ నేను చెందినదాన్నని తెలుస్తుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా పుస్తకాల గోల విన్న ఒకే ఒక్క మనిషిని చూసి నేను సిగ్గుపడ్డాను.

ఆంటీ కారెక్కి హీటర్ వేసింది. తర్వాత అడిగింది.

“నువ్వు అనలేదేమే?”

“అన్నాను ఆంటీ.” ఎంత తొందరగా వచ్చిందో ఆ జవాబు. “వాళ్లకి వినపడలేదు.”

“వినపడలేదా? వినిపించుకోలేదా?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడకి అదే జవాబైంది.

మర్నాడు ఆంటీ నన్ను వెంటబెట్టుకుని మిసెస్ లార్సన్ ఇంటికి వెళ్లింది, సాక్ష్యానికి. గుమ్మంలోనే నిలదీసింది. మిసెస్ లార్సన్ నా వైపు తిరిగి, నువ్వు అన్నావా అమ్మా అని అడిగింది. నేను తలూపాను. ఆవిడ కొంచెంసేపు నన్నే చూసి, అయితే తప్పు నా చెవులదే అంది. క్షమించమని అడిగింది. నన్ను కూడా.

ఆంటీ క్షమించలేదు. ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. జంతికలు ఆగిపోయాయి. శనివారం మావాళ్లందరికీ చెప్పింది, పిల్ల సెకండ్ అన్నా వినిపించుకోలేదని. “నేను ముందే చెప్పాను కదండీ, మనల్ని రానివ్వరని,” అన్నారు ఒక అంకుల్, తృప్తిగా. మిగతావాళ్లు తలలూపారు. నేను లోపలి గదిలో పుస్తకం తెరుచుకుని ఉన్నాను. ఒక్క లైను కూడా చదవలేదు. మా ఊరి తెలుగువాళ్లెవరూ తర్వాత ఏ పార్టీ మీటింగ్‌కీ వెళ్లలేదు. తెరిచి ఉన్న తలుపుని మూశారని అందరినీ నమ్మించాను. మూసిన చెయ్యి నాది.

ఆ బిల్లు అప్పట్లో నెగ్గలేదు. ఆంటీ చెల్లెలు ఇంకా వీసా వరసలోనే ఉంది. మా పేట తీర్మానం వల్ల ఏమీ మారేది కాదని నాకు తెలుసు. ఆ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఉపశమనంలా పనిచేయలేదు.

నాలుగేళ్లకి మళ్లీ ప్రెసిడెంట్ ఎన్నికలొచ్చాయి. కాలేజీ నుంచి ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా అదే జిమ్‌కి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? చెప్పేద్దామనే అనుకుంటాను. మిసెస్ లార్సన్ చెవిలో వినికిడి మిషను ఉంది. మొదట్లోనే లేచి చెప్పింది, ఈ కుర్చీ వదిలేస్తున్నానని. కిందటిసారి ఈ గదిలో ఒక చిన్నపిల్ల గొంతు తనకి వినపడలేదట. ఆ గొంతు వినపడనందువల్ల ఒక స్నేహం పోయిందట. అప్పటి నుంచి తన చెవుల్ని తను నమ్మలేకపోతోందట. నా పేరు చెప్పలేదు. నా వైపు చూడలేదు.

ఆవిడ నిజంగానే నమ్మిందా? అబద్ధమని తెలిసీ నన్ను కాచిందా? కాచితే, ఆ మిషను దేనికి? వయసు వల్లే వచ్చిందేమో. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒక్కటీ నాకు అనుకూలంగా రాదు.

ఆవిడకి ధన్యవాదాలు చెబుతూ ఎవరో తీర్మానం పెట్టారు. సెకండ్ అని ఒకేసారి చాలా గొంతులు పలికాయి. వాటిలో నాది కూడా ఉంది. ఎంత సులువుగా వచ్చిందో. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను కోటు తీసుకుని వచ్చేశాను. చెప్పలేదు.

ఆ వేసవిలో ఆవిడ ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి, వేరే రాష్ట్రానికి వెళ్లిపోయింది. ఆంటీ ఇప్పటికీ ఆ కథ చెబుతుంది, కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ. చెప్పి నా భుజం మీద చెయ్యి వేస్తుంది. పాపం, ఇది సెకండ్ అన్నది, అంటుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇది రాసినంత మాత్రాన ఆంటీకి చెప్పే ధైర్యం రేపు వస్తుందని కూడా అనను. కానీ ఒక్క చోటైనా, ఒక్కరి ముందైనా, జరిగింది జరిగినట్టు ఉండాలి.

ఆ సాయంత్రం నేను ఆ మాట అనలేదు. మిసెస్ లార్సన్ చెవులు బాగానే ఉన్నాయి.