అత్తయ్య చల్లార్చిన సముద్రం

చెన్నైలో సముద్రం ఇంటికి దగ్గరే. అయినా దాన్ని ఇంట్లోకి తెచ్చి పెట్టుకోవాలన్న సరదా మా అపార్టుమెంటు మొత్తంలో నాకొక్కదానికే పుట్టింది. షోళింగనల్లూరులో మా హాల్లో, టీవీ పక్కన, రెండు చేతులతో ఎత్తుకోగలిగినంత గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట, చేతివేళ్ళలా ఊగే, ప్రాణమున్న ఒక పగడం. చూడవచ్చినవాళ్ళు మొదట ఖరీదెంత అని అడుగుతారు, తర్వాత వీటిని వండుకుంటారా అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు తంటా అంతా నీళ్ళ వేడితోనే. పగడానికి ఇరవై ఆరు డిగ్రీలైతే హాయి, ముప్పై దాటితే ప్రాణం మీదికొస్తుంది. చెన్నై మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు తెల్లవారుజామున కూడా అంతకంటే వెచ్చగా ఉంటాయి. పెద్ద సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నాది పాలగిన్నె, ఇట్టే కాగిపోతుంది. పోయిన ఎండాకాలం ఇలాగే ఒక పగడం పాలిపోయి, నా కళ్ళముందే ముక్కలై రాలిపోయింది. నాకు అన్నం సహించలేదు. అది చూసి మా ఆయన మాట తీసుకున్నాడు. ఈ వేసవిలో తొట్టిలో ఒక్క ప్రాణం పోయినా తొట్టి తీసేయాలి, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. రోషం కొద్దీ సరేనన్నాను.

రోషం ఉంటే సరిపోదు కదా, ఉపాయం కూడా ఉండాలి. తొట్టి అంచుకి చిన్న ఫ్యాను బిగించాను. గాలికి నీళ్ళు ఆవిరవుతుంటే మిగిలినవి చల్లబడతాయి, మట్టికుండలో జరిగేదీ ఇదే. కాకపోతే ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి రోజూ తగ్గినంత మంచినీళ్ళే పోయాలి. మరీ వేడెక్కితే తొట్టిలో తేలేయడానికి ఫ్రీజరు నిండా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టుకున్నాను. ఈ ఏర్పాట్లన్నీ చూసుకుని లోలోపల మురిసిపోతుండగా, ఎండాకాలం మాతో ఉండడానికి మా అత్తయ్య వచ్చారు.

అత్తయ్య పుట్టిందీ, కాపురం చేసిందీ చెన్నైలోని పాత పేట చూలైలోనే. నాది బెజవాడ. ఇద్దరం మాట్లాడేది తెలుగే గానీ మొదటి ఏడాది నాకు సగమే అర్థమయ్యేది. ఆవిడ నోట ‘మా’ అంటే అమ్మా అనీ, ‘సుమ్మా’ అంటే ఊరికే అనీ తర్వాత్తర్వాత తెలిసింది.

“చేపలకి ఫ్యానా మా? ఆడ చూలైలో మనుషులకే గాలి లేదు” అన్నారు వస్తూనే. తర్వాత నేను మంచినీళ్ళు పోయడం చూసి, “సముద్రం చేపకి మంచినీళ్ళు పోస్తుండావే, నోరు చప్పబడదా దానికి?” అన్నారు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్యాను ఆపేసి ఉంది. తొట్టికి తగిలించిన, వేడి చూపే బ్యాటరీ మీటరు ఇరవై తొమ్మిదిన్నర చూపిస్తోంది. పరుగెత్తి ఫ్యాను వేశాను. అత్తయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు.

“వేలు పెట్టి చూసినా మా. చల్లగా ఉండాది. సుమ్మా ఏంటికి ఆ రొద అని ఆపినా.”

“వేలికి చల్లగానే ఉంటుంది అత్తయ్యా. మన ఒళ్ళు దానికంటే వేడి కదా.”

“పెళ్ళైనప్పటినించీ ఈ వేలితోనే పెరుగు తోడేస్తా ఉండా. ఒక్కనాడు తప్పింది లేదు.”

పెరుగు కూడా తోడుకోనంత చల్లటి నీళ్ళయినా చేపకి జ్వరం తెప్పిస్తాయని చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. నమ్మారో లేదో తెలియదు గానీ, ఆ మర్నాటి నుంచి నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఫోను మోగేది. “ఇరవై ఏడు మా, బాగుండాది” అని పెట్టేసేవారు. మా టీములో అందరూ అది బంగారం ధరో, ఎవరి జ్వరమో అనుకునేవాళ్ళు.

ఇక్కడివాళ్ళు కత్తిరి అనే నడివేసవి ఎండలు ముదిరాయి. ఒక శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అపార్టుమెంటు జనరేటరు అప్పటికే మరమ్మతులో ఉంది. ఫ్యాను ఆగింది, నీళ్ళు తిప్పే పంపు ఆగింది, మీటరు మాత్రం ఎక్కుతోంది. నాకేం భయం, సీసాలున్నాయి కదా అని ధీమాగా ఫ్రీజరు తెరిచాను. లోపల ఒక్కటి లేదు.

“అవా? పొద్దున కింద వాచ్‌మెన్‌కీ, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళకీ ఇచ్చేసినా” అన్నారు అత్తయ్య. “ఎండాకాలం మా వీధిలో ప్రతి ఇంటి ముందరా నీళ్ళూ మజ్జిగా పెడతారు. నువ్వూ దానికే అన్ని సీసాలు పెట్టుండావు, మంచిబిడ్డ అనుకున్నా.”

ఈ మాటకి ఏమని అరవను? ఫ్రీజరు తలుపు దబ్బున మూసి మీటరు దగ్గరికి పరుగెత్తాను. నా మొహం చూసి ఆవిడకి సంగతి అర్థమైంది. లేచి, కొంగు దోపుకుని, వంటింట్లోంచి కాఫీ తాగే డబరా, గ్లాసు తెచ్చారు. తొట్టిలో నీళ్ళు ముంచి, చెయ్యంత ఎత్తు నుంచి గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి కాఫీ చల్లార్చినట్టు చల్లార్చి మళ్ళీ తొట్టిలో పోయడం మొదలుపెట్టారు. మా ఆయన పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు. నేను మీటరు చదువుతున్నాను. చెమటతో ముగ్గురం తడిసి ముద్దయ్యాం. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఉన్నట్టుండి ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆగలేదు. కడుపు పట్టుకుని సోఫాలో కూలబడ్డాను. ఈ ఇంట్లో నేను అంతలా నవ్విన రోజు ఇంకోటి లేదు.

కరెంటు వచ్చేసరికి మీటరు ముప్పై ఒకటి దాటింది. చేపలు తట్టుకున్నాయి. పగడం ముడుచుకుపోయింది, మళ్ళీ విచ్చుకోలేదు. వారం తిరిగేసరికి తెల్లబడి చచ్చిపోయింది.

మాట మాటే. మా ఆయన అడగలేదు, గుర్తు చేయలేదు. అడిగించుకోవడం నాకే ఇష్టం లేదు. ఆదివారం పొద్దున బకెట్టు, రబ్బరు గొట్టం తెచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. చేపల్ని అమ్మినవాడికే తిరిగి ఇచ్చేస్తానని చెప్పి ఉంచాను. ఏడుపు ఆపుకోవడానికి పళ్ళు బిగించి గొట్టం నీళ్ళలో వేశాను. బకెట్టు పావు వంతు నిండింది.

“ఉండు మా” అన్నారు అత్తయ్య. కళ్ళజోడు పెట్టుకుని గాజుకి మొహం ఆనించి చూస్తున్నారు. “ఆ రాయి మీద ఎర్రగా ఏందది? కేసరి రవ్వ అంటించినట్టుండాది.”

వంగి చూశాను. గుడ్లు. రాతి చెక్క మీద వరసగా అతికించినట్టు, సన్నటి నారింజ రంగు గుడ్లు. చిన్న చేప వాటి దగ్గరే నిలబడి రెక్కలతో ఆగకుండా నీళ్ళు విసురుతోంది. నేను గొట్టం ఎత్తి మడిచి పట్టుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ఆ చిన్నది తండ్రి అనీ, ఈ జాతిలో గుడ్లకి కాపలా కాసేది మగదే అనీ చెప్పాను.

“మగాడా?” అత్తయ్య పకపకా నవ్వి కొడుకుని పిలిచారు. “ఒరే, ఇట్రా. వచ్చి చూసి నేర్చుకో.”

మా ఆయన వచ్చాడు. గుడ్లని చూశాడు, బకెట్టుని చూశాడు. నన్ను ఆటపట్టించడానికే అడిగాడు, “మరి ఇచ్చిన మాట?”

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య నా చేతిలోంచి గొట్టం లాక్కుని పక్కన పెట్టారు.

“బాలింత ఉండే ఇల్లు ఎవరన్నా ఖాళీ చేయిస్తారా?”

మా ఆయన కింద కూర్చుని, బకెట్లోకి దిగిన నీళ్ళని డబరాతో ముంచి, మెల్లగా తొట్టిలోకి పోయడం మొదలుపెట్టాడు.